సభలో ఊపిన కాగితం

ఊరి నుంచి, జూన్ 9

తమ్ముడు కాశయ్యకు,

తిన్నావా, నిద్రపోతున్నావా అని ముందు అడగాలి కాబట్టి అడుగుతున్నాను. ఫోన్ ఉండగా ఈ కాగితమెందుకు అంటావేమో. ఫోన్‌లో నా కొడుకు సాయి పేరు ఎత్తగానే ఏడుపు ముంచుకొస్తుంది. నువ్వు అవతల నుంచి "అక్కా, ఉన్నవా" అంటావు, నేను పెట్టేస్తాను. కాగితం మీదైతే ఏడ్చి, ముక్కు తుడుచుకొని, ఆపిన చోటు నుంచే మళ్లీ రాసుకోవచ్చు. ఐదో తరగతి చదువు ఈ మాత్రానికి పనికొచ్చింది. తప్పులుంటే సర్దుకొని చదువు.

ఢిల్లీలో సర్కారు మారిందని మొన్న ఊళ్లో పటాకులు కాల్చారు. మన ఎంపీ నాగేందర్ సార్ మళ్లీ గెలిచాడు, ఈసారి ఆయన పార్టీయే గద్దెనెక్కింది. నేను బీడీల చాట ఒళ్లో పెట్టుకొని టీవీ ముందు కూర్చున్నాను. సార్ ముఖం రెండుసార్లు చూపించారు. నువ్వు వండిపెట్టింది తిని బయటికి పోయిన మనిషి కదా, మన ఇంటివాడిని చూసినట్టే అనిపించింది.

ఇక అసలు సంగతి. నా కొడుకు కొత్త రోడ్డు గుంతలో పడి పోయి ఏడాది కావస్తున్నది. కాలువ దగ్గర మోరీ కోసం అడ్డంగా తవ్వి, ఒక ఎర్ర గుడ్డ కూడా కట్టకుండా వదిలేసిన గుంత. వాన పడుతున్నది, వాడు బండి మీద ఇంటికి వస్తున్నాడు. డిసెంబరులో మన సార్ సభలో దాని మీద ప్రశ్న వేస్తే అప్పటి మంత్రి ఇచ్చిన జవాబు పేపర్లో వచ్చింది. "చనిపోయిన వ్యక్తి మద్యం సేవించి వాహనం నడిపాడు. రోడ్డు పనిలో లోపం లేదు." ఆ ముక్క కత్తిరించి బియ్యం డబ్బాలో పెట్టాను. పారేయడానికి చెయ్యి రాదు, చదవడానికి మనసు రాదు.

అప్పుడు సార్ ఎదురు పక్షంలో ఉన్నాడు. లేచి, మనం పంపిన దవాఖాన కాగితం పైకెత్తి ఊపాడు. "ఇది ఒక తల్లి పంపిన కాగితం" అన్నాడు. సభంతా గోల. టీవీలో మడతలు చూసి పోల్చుకున్నాను, అది నాదే. రక్తం పరీక్షలో ఏమీ లేదని దవాఖానలో కాంపౌండర్ నాకు నోటితో చెప్పి ఇచ్చిన ఇంగ్లీషు కాగితం. నువ్వు జిరాక్స్ చాలన్నావు. నేనే వినలేదు. అంత పెద్ద సభకు జిరాక్స్ పంపితే ఎవరు నమ్ముతారని అసలుదే నీ చేతిలో పెట్టాను. ఇంట్లో ఒక నకలు ఉంచుకోవాలని కూడా తోచలేదు.

ఇప్పుడు సర్కారు మనది. ఆ మంత్రి పోయాడు. సార్‌తో చెప్పి ఆ "మద్యం" అన్న మాట తీయించు. ఇంకేమీ అడగను. శ్రావణంలో సంవత్సరీకం. అప్పటికి ఆ మాట లేకుండా ఉంటే చాలు.

కోడలు రోజా, దీక్షిత బాగున్నారు. దీక్షితకు రెండేళ్లు నిండాయి, నీ ఫోటో చూసి "మామ" అంటున్నది. తాత అవుతావని చెప్పినా వినదు.

నీ అక్క
లింగవ్వ

*

ఢిల్లీ, జూన్ 21

అక్కకు కాశయ్య మొక్కి రాసేది,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. పోపు మాడింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఇప్పుడు ఇంట్లో ఎవరికి ఎవరు ఏమంటున్నారో వినపడడమే లేదు. ఎదురు పక్షంలో ఉన్నన్ని రోజులు పొద్దున ఐదు గ్లాసుల చాయ్ పెడితే ఒకటి మిగిలేది. ఇప్పుడు అరవై పెట్టినా పాలకు మళ్లీ పరుగెత్తుతున్నాను. బోధన్ నుంచి, ఆర్మూర్ నుంచి శాలువాలు పట్టుకొని వస్తున్నారు. సార్‌కు చిన్న మంత్రి పదవి వస్తుందని అందరూ ఆశలో ఉన్నారు. ఆయనా ఉన్నాడు.

పాస్ దొరికితే పైనుంచి సభ చూశాను. అక్కా, అది ఎట్లున్నదంటే, పెళ్లిలో ఆడపెళ్లివాళ్లు, మగపెళ్లివాళ్లు జాగాలు మార్చుకొని కూర్చున్నట్టు. నిన్నటిదాకా ఎడమ పక్క నుంచి అరిచినవాళ్లు కుడి పక్కకు వచ్చి చేతులు కట్టుకున్నారు. కుడి పక్క ఉన్నవాళ్లు ఎడమకు పోయి అరుస్తున్నారు. మన సార్ కుడి వైపు మూడో వరుసలో, రోడ్ల మంత్రి వెనకాలే కూర్చున్నాడు.

ఉప్మా పెడుతూ నీ మాట అడిగాను. "చూద్దాం కాశయ్యా, ముందు కుదురుకోనీ" అన్నాడు. తర్వాత ఆఫీసులో టైపు చేసే శృతిని అడిగాను. నిజామాబాద్ పిల్ల, మంచిది. ఆమె చెప్పిందేమంటే, పాత సభ రద్దయినప్పుడు అందులో మిగిలిపోయిన అర్జీలు, నోటీసులు అన్నీ దానితోపాటే పోతాయట. ఆ జవాబు తప్పు, సరిచేయండి అని సార్ అప్పట్లో ఇచ్చిన నోటీసు కూడా పోయింది. మరి ఆ జవాబు పోయిందా అని అడిగాను. జవాబు పోదట. సభలో అన్నవన్నీ రాసిపెట్టే పుస్తకంలో అట్లనే ఉంటదట.

నాకూ సరిగ్గా అర్థం కాలేదు. మళ్లీ అడుగుతాను. నువ్వు దిగులు పెట్టుకోకు.

నీ తమ్ముడు
కాశయ్య

*

ఊరి నుంచి, జూలై 2

కాశయ్యా,

నీ ఉత్తరం రోజాతో చదివించుకొని, మళ్లీ నేను కూడబలుక్కొని చదివాను. అడిగింది పోతుంది, అన్నది ఉంటుంది. ఇదేం లెక్క. పోయేదేదో రెండూ పోవాలి కదా.

మీ సార్ కుదురుకోనీ అన్నాడని రాశావు. ఇక్కడ సంగతి కుదురుగా లేదు. నిన్న రోజా వాళ్ల బాపు వచ్చాడు. గడప లోపలికి రాలేదు, అరుగు మీదే కూర్చొని మంచినీళ్లు తాగాడు. పిల్లను, దీక్షితను నవీపేట్ తీసుకుపోతానన్నాడు. ఎందుకు అన్నాను. "తాగి పడ్డోని ఇంట్ల నా బిడ్డ ఎందుకుండాలె. పార్లమెంటుల చెప్పిన ముచ్చట అబద్ధమైతదా" అన్నాడు. రోజా లోపలే ఉంది. బయటికి రాలేదు, నోరెత్తలేదు. నాకు ఆ మాట కంటే ఆమె మాట్లాడకపోవడమే ఎక్కువ తగిలింది. ఆమె కూడా నమ్ముతున్నదేమో అని రాత్రంతా అదే.

సంవత్సరీకం దాకా ఉంచండని బతిమిలాడాను. సరే అని పోయాడు. అంటే నాకు నెలన్నర ఉంది.

బీడీ కార్ఖానాలో కూడా అంతే. ఎవరూ నన్ను ఏమీ అనరు. నేను పోగానే మాట మారుస్తారు, అంతే. భూమవ్వ ఒక్కతే నా పక్కన కూర్చుంటుంది, ఆమెకు చెవుడు.

మాట తీయడానికి టైం పడితే పట్టనీ. నా కాగితం నాకు పంపు. ప్లాస్టిక్ వేయించి రోజా వాళ్ల బాపు ముందు పెడతాను, ఇంగ్లీషు తెలిసిన ఎవరితోనైనా చదివిస్తాను. అది నాకు కావాలి తమ్ముడూ. అది చేతిలో ఉంటే నేను నిద్రపోతాను. ఎందుకని అడగకు.

అక్క

*

ఢిల్లీ, జూలై 13

అక్కా,

సార్‌కు పెద్ద బంగళా ఇచ్చారు. వారం నుంచి సామాన్లు మారుస్తున్నాం. ఈ సందడిలో నీ కాగితం ఎక్కడ పోయిందో దొరకడం లేదు. బీరువాలు, డబ్బాలు అన్నీ వెతికాను. పాతవి కొన్ని చెత్తలో కూడా పోయాయి.

పోయినదాని గురించి ఇక ఆలోచించకు. సంవత్సరీకం మంచిగా చేద్దాం, నేను సెలవు పెట్టుకొని వస్తాను. ఆ మాట గురించి కూడా ఇక వదిలేయి అక్కా. ఎవరెవరో ఏదేదో అంటారు.

వంటకు టైం అయింది.

కాశయ్య

*

ఊరి నుంచి, జూలై 20

కాశయ్యకు,

వదిలేయి అని రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చింది. ఆ కాగితం నువ్వు చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకొని రైలెక్కావు. ఉప్పు డబ్బా ఏ మూలన ఉందో చీకట్లో చెప్పగలిగిన మనిషివి, పంచదార డబ్బాకు చీమ పడితే పసిగట్టే మనిషివి. నీ మేనల్లుడి కాగితం చెత్తలో పోయిందంటావు. నేను నమ్మను.

నాకు అర్థమైంది. ఆ కాగితం బయటికొస్తే ఇప్పుడు రోడ్లు చూసే కొత్త మంత్రికి ఇబ్బంది. కొత్త మంత్రికి ఇబ్బందైతే మీ సార్‌కు పదవి రాదు. మీ సార్‌కు పదవి రాకపోతే నీ వంటిల్లు చిన్నదవుతుంది. తొమ్మిదేళ్లు వాళ్ల ఉప్పు తిన్నావు, తప్పదు. మా ఉప్పు అంతకుముందు తిన్నావు, అది అరిగిపోయి ఉంటుంది.

ఇంకొకటి విను. మొన్న పోశన్న వచ్చాడు, ఓడిపోయిన పార్టీవాడు. పోయిన ఏడాది ఇదే పోశన్న చౌరస్తాలో నిలబడి మా సాయి తాగే పడ్డాడని అందరికీ చెప్పాడు. ఇప్పుడు కెమెరా పట్టుకొని ఒకణ్ణి వెంటేసుకొని వచ్చి, దీక్షితను ఎత్తుకొని నిలబడమన్నాడు. మా పార్టీ ఎంపీలు సభలో అడుగుతారు, ఈ సర్కారును నిలదీస్తారు అన్నాడు. పోయినేడు నువ్వే కదా తాగాడన్నది అని అడిగాను. సిగ్గు కూడా పడలేదు. "అప్పుడు సర్కారు మాది గదా వదినె" అన్నాడు.

పొమ్మన్నాను. కానీ పోయాక కూర్చొని ఆలోచించాను. వీళ్లు అటు పోయారు, వాళ్లు ఇటు వచ్చారు. నా కొడుకు మాత్రం ఎవరు ఎదురు పక్షంలో ఉంటే వాళ్ల చేతిలో ఉంటాడు.

ఆగస్టు 3 ఆదివారం బోధన్‌లో మీ సార్‌కు సన్మానమట. మహిళా సంఘం నుంచి హారతి పట్టడానికి నన్నూ రమ్మన్నారు. వస్తానన్నాను. స్టేజీ ఎక్కి, మైకు ముందే నా కాగితం అడుగుతాను. అందరి ముందు విప్పి చదవమంటాను. నువ్వు ఆయనతో వస్తే చూద్దువుగాని.

లింగవ్వ

*

ఢిల్లీ, జూలై 26

అక్కా,

నువ్వు ఏమన్నా అనుకో, నన్ను ఎంత తిట్టినా పడతాను. ఆ స్టేజీ మాత్రం ఎక్కకు. అక్కడ కాగితం మాట ఎత్తకు. నా మీద ఒట్టు. ఎందుకో వచ్చినప్పుడు చెప్తాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, ఇంట్లో లేవని రోజాతో చెప్పించకు. ఒక్కసారి నా మాట విను.

కాశయ్య

*

ఢిల్లీ, జూలై 30

అక్కకు,

నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు. దాచి పెడితే నువ్వు నన్ను చెడ్డవాణ్ణి అనుకుంటావు. చెప్తే ఏమవుతావో తెలియదు. నువ్వు పదిమందిలో ఆ కాగితం విప్పించే బదులు నేను చెప్పడమే మేలు.

కాగితం పోలేదు. సామాన్లు సర్దేటప్పుడు ఫైళ్ల మధ్య దొరికింది. నీకు పంపుదామని సంతోషంగా శృతి దగ్గరికి తీసుకుపోయి, ఇందులో ఏముందో ఒకసారి తెలుగులో చెప్పమ్మా, అక్కకు రాసి పంపుతానన్నాను. ఆమె చదివి, ముందు లేచి తలుపు దగ్గరికి వేసింది. తర్వాత చెప్పింది. రక్తంలో మద్యం ఉన్నదని అందులోనే రాసి ఉంది అక్కా. కొద్దిగానే, కానీ ఉంది. మంత్రి చెప్పింది దవాఖానలో ఉన్న దాని నకలు చూసే.

మరి సార్ అప్పుడెందుకు ఊపాడని అడిగాను. మడత విప్పలేదంది శృతి. కాగితం నేనిచ్చినప్పుడు ఎట్లా మడిచి ఉందో సభలో కూడా అట్లనే ఉంది. అది విప్పాల్సిన అవసరం ఆ రోజు ఎవరికీ రాలేదు. ఊపితే చాలు.

ఇప్పుడు సార్ కూడా చదివాడు. అందుకే ఆ మాట ఎత్తడం లేదు. కొత్త మంత్రి ఆఫీసులో అడిగితే పాత జవాబే మళ్లీ టైపు చేసి పంపారట. రాసే ఆఫీసర్లు మారలేదు.

సాయి నాతో చెప్పేవాడు, బండి ఉన్నప్పుడు ముట్టను మామా అని. వాణ్ణి నేను తప్పు పట్టడం లేదు. ఏదో అయి ఉంటుంది. నిన్ను నువ్వు చంపుకోకు. అందుకే దాచాను, సార్ కోసం కాదు.

నీ తమ్ముడు

*

ఊరి నుంచి, ఆగస్టు 7

తమ్ముడా,

నీ మొదటి ఉత్తరం 31న వచ్చింది. భయంతో రాశావనుకొని చింపేశాను. రెండోది 5న వచ్చింది. సన్మాన సభ 3న అయిపోయింది.

స్టేజీ ఎక్కాను. హారతి పళ్లెం పక్క ఆమెకిచ్చి మైకు దగ్గరికి పోయాను. "సారూ, నా కాగితం నాకియ్యున్రి" అన్నాను. అంతే అన్నాను. ముందు వరుసలో రోజా వాళ్ల బాపు ఉన్నాడు, నేనే రమ్మని కబురు పెట్టాను. సార్ నవ్వుతూ లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, "మా అక్క గారి తమ్ముడే నాకు బువ్వ పెట్టేది" అని జనానికి చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే నన్ను స్టేజీ వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ కుర్చీల కుప్ప, నీళ్ల సీసాల డబ్బాలు.

అబద్ధం చెప్పలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. "అమ్మా, అప్పుడు నేను సూడకుండ ఊపిన. తప్పే. మొన్న సూసిన. అండ్ల ఉన్నదనే రాసిండ్రు. గిప్పుడు మళ్ల తీస్తే నీ ఇజ్జతే పోతది" అన్నాడు. ఆయన కొంచెం నిలబడి, మళ్లీ పోయి దండలు వేయించుకున్నాడు. నేను బస్టాండుకు నడిచాను. చేతిలో కర్పూరం అట్లనే ఉంది.

ఇప్పుడు నేను ఎవరితో అనని మాట నీతో అంటున్నాను. ఆ రోజు పోశమ్మ పండుగ. అమ్మవారికి సాక పోసి తెచ్చిన సీసాలో సగం కల్లు మిగిలింది. సాయి తిండి తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. నేను గ్లాసులో పోసిచ్చాను. "వద్దవ్వా, బోధన్ పోయి రావాలె" అన్నాడు. అమ్మవారిది వద్దనొద్దురా అన్నాను. మళ్లీ వద్దన్నాడు. గ్లాసు వాడి నోటికి పెట్టి నేనే తాపాను. నవ్వుకుంటూ తాగి పోయాడు. చీకటి పడ్డాక వస్తూ గుంతలో పడ్డాడు.

దవాఖానలో కాంపౌండర్ రక్తంలో ఏమీ లేదన్నప్పుడు నేను ఆ మనిషి కాళ్లు మొక్కాను. అందరూ పిచ్చిదనుకున్నారు. కొడుకు చచ్చిపోతే కాళ్లు మొక్కుతుందేమని. నా ఏడుపు చూడలేక ఆ మనిషి అట్లా అన్నాడేమో, నాకేం తెలుసు. నా చేతి కల్లు వాణ్ణి చంపలేదని ఆ కాగితం చెప్తున్నదని అనుకున్నాను కాశయ్యా. అందుకే అది కావాలన్నాను. అందుకే జిరాక్స్ కాదన్నాను. నన్ను కాపాడే కాగితమని ఢిల్లీ దాకా పంపాను, అది నా మీద సాక్ష్యమని తెలియక.

నిన్ను ఉప్పు మాట అన్నాను. అది మరిచిపో.

అక్క

*

ఢిల్లీ, ఆగస్టు 13

అక్కా,

నీ ఉత్తరం ఒక్కసారే చదివాను, మళ్లీ చదవలేను. రెండు రోజులు సెలవడిగాను, సంవత్సరీకానికి 17న పొద్దున దిగుతాను. నేను వచ్చేదాకా ఒంటరిగా ఉండకు. రోజాను పక్కన పడుకోబెట్టుకో. ఒక్క గ్లాసుకు ఇంత శిక్ష ఎవరూ వేయరు, నువ్వే వేసుకుంటున్నావు. ఇంతకంటే ఏం రాయాలో నాకు రాదు.

కాశయ్య

*

ఊరి నుంచి, ఆగస్టు 21

తమ్ముడు కాశయ్యకు,

నువ్వు రైలెక్కి పోయిన తర్వాత జరిగింది రాస్తున్నాను.

నువ్వున్న రెండు రోజులూ రోజాతో నేను ఆ మాట చెప్పలేకపోయాను. 19న వాళ్ల బాపు ఆటో తెచ్చాడు. ఆమె బట్టలు సర్దుతుంటే ఇక ఆగలేక, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అంతా చెప్పాను. గ్లాసు, అమ్మవారు, వాడు రెండుసార్లు వద్దనడం. తిడుతుంది, లేచి పోతుంది అనుకున్నాను. ఆమె చీర మడత పెట్టడం ఆపలేదు. "నాకెరుకే అత్తా. నేను దర్వాజ కాడ నిలవడి సూసిన" అంది.

ఏడాది నుంచి తెలుసు ఆ పిల్లకు. వాళ్ల బాపు అరుగు మీద అన్నప్పుడు కూడా తెలుసు. నోరు విప్పితే నా మీదికి వస్తుందని విప్పలేదు. నేనేమో నమ్మిందనుకున్నాను.

నేను చంపానా చెప్పు అన్నాను. "పోశమ్మ పండుగకు ఏటేట తాగిండు. ఆరేండ్లు గదే తొవ్వల వచ్చిండు, ఇంటికొచ్చిండు. గుంత గా యేడే ఉండె" అంది.

అంతే అంది. బయటికి పోయి, ఇప్పుడే రాను అని వాళ్ల బాపుతో చెప్పింది. ఆటో ఉత్తదే పోయింది.

నేను పొద్దుపోయేదాకా ఆ మాట పట్టుకొని కూర్చున్నాను. ఏడాదంతా నేను అడిగింది తప్పు తమ్ముడూ. మద్యం మాట తీయమన్నాను. నా కోసం తీయమన్నాను. మంత్రి చెప్పిన రెండు మాటల్లో మొదటిదే పట్టుకొని ఏడ్చాను. రెండోది, రోడ్డు పనిలో లోపం లేదన్నది, ఎవరమూ పట్టించుకోలేదు. గుంత ఇంకా అట్లనే ఉంది. పని ఆగిపోయి సిమెంటు తూములు పక్కన పడి ఉన్నాయి. ఇంకో రెండు నెలలైతే చెరుకు బండ్లు ఆ తొవ్వనే పోతాయి.

ఇదిగో, వేరే కాగితం మీద నా చేతితో రాసి ఇందులో పెట్టాను. సార్‌కు ఇవ్వు. సభలో చదవమను. ఇందులో ఇట్లా ఉంది: "మా సాయి ఆ రోజు కల్లు తాగిండు. నేనే పోసిన, వాళ్లవ్వను. రోడ్డుకు అడ్డం గుంత తవ్వి దీపం పెట్టనిది ఎవరు? వాళ్ల పేరు చెప్పున్రి."

ఈసారి జిరాక్స్ తీయించి ఉంచాను.

నీ అక్క

*

ఢిల్లీ, సెప్టెంబరు 1

అక్కా,

నీ కాగితం సార్ పళ్లెం పక్కన పెట్టాను. మడత విప్పే పెట్టాను. ఇడ్లీ చల్లారేదాకా చదివాడు. నాలుగు ముక్కలు చదవడానికి అంతసేపు పడుతుందా. తర్వాత నన్ను పిలిచి, "మీ అక్క గట్టి మనిషి కాశయ్యా" అన్నాడు. మంత్రితో మాట్లాడి చూస్తాడట. కానీ మొదటి మాట తీసేయమన్నాడు. కల్లు, నేనే పోసిన, అవి లేకుండా మళ్లీ రాసి పంపితే ఆలోచిస్తాడట. అవి ఉంటే సభలో ఎదురు పక్షం నవ్వుతుందని.

నాకు కోపమొచ్చి, ఉండబట్టలేక, పోశన్నకు ఫోన్ చేశాను. తప్పు చేశానో ఏమో. వాళ్ల ఎంపీ ఒకాయన ఇక్కడే ఉంటాడు, ఆయనకు చదివి వినిపించమన్నాను. సాయంత్రానికి పోశన్నే తిరిగి చేశాడు. మస్తుగుంది, రేపే అడుగుతారు, కానీ మొదటి మాట మాత్రం తీసేయాలె అన్నాడు. అది ఉంటే కుడి పక్కవాళ్లు నవ్వుతారట.

రెండు పక్కలవాళ్లు ఒక మాట మీద ఉండడం ఈ సర్కారు వచ్చాక ఇదే నేను చూసింది. ఏం చేయమంటావు. తీసేస్తే పని అవుతుందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. నువ్వు ఏది చెప్తే అది.

కాశయ్య

*

ఊరి నుంచి, సెప్టెంబరు 10

కాశయ్యా,

తీయను. తీస్తే అది ఇంకెవరో కొడుకు అవుతాడు. ఏడాదంతా అందరూ, నాతో సహా, వాణ్ణి కడిగి, తుడిచి, సభకు పనికొచ్చేట్టు చేయాలనే చూశాం. కల్లు తాగినవాడు గుంతలో పడి చావచ్చా. తాగినవాడికి దీపం అక్కర్లేదా. వాడు తాగాడు, నేను పోశాను, గుంత వాళ్లు తవ్వారు. మూడూ ఒక్కచోట ఉండాలి. వాళ్లు చదవకపోతే నేనే చదివిస్తాను.

సోమవారం కార్ఖానాకు పోలేదు. ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకొని నేను, రోజా గుంత దగ్గరికి పోయాం. అక్కడ పడి ఉన్న సిమెంటు తూములు మనిషి ఎత్తు ఉన్నాయి. రోడ్డు వైపు ఉన్న తూము మీద నా కాగితంలో ఉన్నదంతా పెద్ద అక్షరాలతో రాశాను. రోజా డబ్బా పట్టుకుంది. అక్షరాలు వంకరగా వచ్చాయి, "కల్లు" అన్నప్పుడు రంగు కారింది. కింద, పేరు చెప్పున్రి అన్న చోట, ఇంత జాగా వదిలాను.

బండ్లు ఆగుతున్నాయి. చదవడానికి ఆగినవాళ్లు గుంతను చూసి మెల్లగా పోతున్నారు. ఒక ట్రాక్టర్ ఆయన దిగి వచ్చి, ఇది రాసింది నువ్వేనా అవ్వా, నీ సంగతి నువ్వే ఎందుకు రాసుకున్నవ్ అని అడిగాడు. నేను రాస్తేనే కదా వాళ్లు రాసేది అన్నాను.

నిన్న ఆ రోడ్డు వేసే కంపెనీ జీపు వచ్చింది. సూపర్‌వైజర్ అట, చిన్న వయసే. తుడిపేయమన్నాడు. నీ పేరు రాసి తుడిపెయ్ బిడ్డా అని కుంచె ఇచ్చాను. తీసుకోలేదు. రెండుసార్లు చదివాడు. జీపు దాకా పోయి, ఎవరికో ఫోన్ చేసి, చాలాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత ఇద్దరు మనుషులు ఎరుపు, తెలుపు పట్టీల డ్రమ్ములు నాలుగు తెచ్చి గుంతకు అడ్డంగా పెట్టారు. పైన ఒక దీపం కట్టారు. ఏడాది తర్వాత.

పేరు మాత్రం రాయలేదు. జాగా ఖాళీగానే ఉంది. రంగు ఎండిపోకుండా డబ్బా మూత గట్టిగా పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. రోజూ పొద్దున కార్ఖానాకు పోయే ముందు దాన్ని తీసుకొని అక్కడ కాసేపు కూర్చొని పోతున్నాను.

ఆరోగ్యం చూసుకో.

అక్క
లింగవ్వ